అమ్మమ్మ గొంతు పలకని పేరు

దయ్యాల మాట ఎత్తితే నవ్వే మనిషిని నేను. ఇది చదివాక మీరు నమ్మినా, నమ్మకపోయినా నాకు ఒరిగేదేం లేదు. కౌలాలంపూర్‌లో కంప్యూటర్ సైన్స్ చదివాను. ఏ వింతకైనా లోపల ఎక్కడో ఒక తప్పు కోడ్ ఉంటుందని అక్కడ నేర్చుకున్నాను. ఈ ఒక్క సంగతిలో మాత్రం ఆ తప్పు ఎక్కడుందో ఇప్పటికీ దొరకలేదు.

చివరి సంవత్సరంలో నేనూ, హఫీజ్ అనే తోటి విద్యార్థీ కలిసి ఒక పరిశోధన చేశాం. కంప్యూటర్ల వల్ల మనుషులకు జరిగే మంచిచెడ్డల మీద ఆ కోర్సు. మా అంశం గొంతు. ఒక మనిషి మాటలు కొన్ని గంటలు రికార్డు చేసి ఇస్తే, మనం టైపు చేసిందల్లా ఆ గొంతుతోనే పలికే ప్రోగ్రాములు వచ్చాయి కదా. మరి ఆ గొంతు ఎవరి సొత్తు? మనిషి పోయాక దాని మీద హక్కు ఎవరిది? పెద్ద పెద్ద ప్రశ్నలు. మార్కులు బాగా పడతాయని మా లెక్చరర్ కూడా అన్నారు.

గొంతు కోసం మా అమ్మమ్మ దగ్గరికి వెళ్ళాను. బటాంగ్ బెర్జుంటై అనే ఊళ్ళో ఉండేది. అక్కడి రబ్బరు ఎస్టేట్ కూలీల ఇళ్ళ లైన్లలోనే పుట్టింది, అక్కడే చెట్లు గీసి పాలు పట్టింది. ఆమెకు చదువు రాదు. అందుకని నేను ఒక్కో వాక్యం చదివితే తను తిరిగి చెప్పేది. మధ్యలో ఊరుకోక నన్ను పలకరించేది.

"ఓలె లలితా, తిన్నావేటే?"

ఆ పిలుపులు కూడా రికార్డులో పడ్డాయి. గొంతు సహజంగా వస్తుందని తీసేయలేదు.

ఒక్క వాక్యం దగ్గర మాత్రం ఆగిపోయింది. అందులో సింహాచలం అన్న మాట ఉంది. అది మా తాతయ్య పేరు. మా పాతకాలపు ఆడవాళ్ళు మొగుడి పేరు నోటితో పలకరు. తాతయ్య పోయి ఇరవై ఏళ్ళయినా అమ్మమ్మ ఆ పేరు అనలేదు. దేవుణ్ణి తలుచుకున్నా "ఆ కొండ సామి" అనేది. వీధి చివర కొట్టు నడిపే సింహాచలాన్ని "కొట్టోడు" అనేది. బతిమాలాను, కోప్పడ్డాను కూడా. నవ్వుతూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ వాక్యం వదిలేశాం.

ఆఖరి రోజు అనుమతి పత్రం తీశాను. అందులో ఒక గడి ఉంది. మరణం తర్వాత కూడా ఈ గొంతు వాడుకోవచ్చా అని. మలయ్‌లో ఉన్నదాన్ని తెలుగులో చెప్పాను. అమ్మమ్మ ఆలోచించనైనా లేదు. మలేషియాలో అందరిలాగే మాట చివర 'లా' తగిలించి చెప్పింది.

"నానున్నన్నాల్లూ ఎంతైనా ఇనుకో. నాను పోయినాక మాత్రం మాటాడించకు లా. పోయినోల్లని పోనియ్యాల. మాటియ్యి."

చేతిలో చెయ్యేసి మాటిచ్చాను.

అప్పటికే ఆమెకు వారానికి మూడుసార్లు డయాలసిస్. ఆ గడిలో వద్దని పెడితే, ఆమె పోయిన రోజే రికార్డులన్నీ చెరిపేయాలి. మా వైవాకి ఇంకా మూడు నెలలుంది. సొంత అమ్మమ్మ ఎన్నాళ్ళు బతుకుతుందో కూర్చుని లెక్క వేసుకున్నాను. వాడుకోవచ్చు అన్నచోట టిక్కు పెట్టి, ఆమె బొటనవేలు నా చేత్తో పట్టుకుని ముద్ర వేయించాను. మా నివేదికలో మూడో అధ్యాయం పేరు 'అనుమతి'. రాసింది నేనే.

లెక్క తప్పలేదు. వైవాకి మూడు వారాల ముందు అమ్మమ్మ పోయింది.

పెద్దకర్మ అయిన మర్నాడు మధ్యాహ్నం ల్యాబ్‌లో కూర్చుని, వైవాలో వినిపించడానికి నాలుగు వాక్యాలు టైపు చేశాను. నా పేరు అప్పాయమ్మ. మా ఆయన పేరు సింహాచలం. మేమిద్దరం రబ్బరు చెట్లు గీసేవాళ్ళం. మా మనవరాలు లలిత చదువుకుంటోంది.

అమ్మమ్మ గొంతు వచ్చింది. "నా పేరు అప్పాయమ్మ. మా ఆయన పేరు..." అని ఆగింది. చిన్న ఊపిరి వినిపించింది. తర్వాత మూడో వాక్యం అందుకుంది. నాలుగో వాక్యంలో నా పేరు అచ్చం తను పిలిచినట్టే పలికింది.

ఆ మాట ఆమె రికార్డుల్లో లేదు కాబట్టి రాలేదని మీరనవచ్చు. ల్యాబ్, వైవా అన్న మాటలూ లేవు. అవి టైపు చేస్తే పలికింది. అదే వాక్యం వేరే గొంతుతో పెడితే పేరు స్పష్టంగా వచ్చింది. అక్షరాలు విడివిడిగా ఇస్తే అమ్మమ్మ గొంతే ఒక్కొక్కటీ పలికింది. కలిపితే మళ్ళీ ఆ ఊపిరే. చివరికి కొట్టు సింహాచలం అని ఇచ్చాను. "కొట్టు" అని ఊరుకుంది.

"బగ్ లా, ఇంకేం కాదు," అన్నాడు హఫీజ్. మొగుడి పేరు పలకని ఆచారం సంగతి వాడికి తెలియదు. నేను చెప్పలేదు.

వైవాలో ఆ ఒక్క వాక్యం తీసేసి వినిపించాం. ఒక మేడమ్ కళ్ళు తుడుచుకున్నారు. అనుమతి గురించి రాసిన అధ్యాయం అందరికీ ఆదర్శమన్నారు. తల వంచి థ్యాంక్స్ చెప్పాను. సిగ్గులేని జన్మ. క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులు మాకే వచ్చాయి.

ఇంటికెళ్ళి మార్కుల సంగతి చెబితే, బియ్యం కడుగుతున్న అమ్మ వెనక్కి తిరగనైనా లేదు.

"మీ అమ్మమ్మ ఆస్పత్రిలో నాతో సెప్పినాది. లలిత మాటిచ్చినాది, నా గొంతు తీసెత్తాది, నాకు బెంగ నేదు అన్నాది. తీసేసినావు కదూ?"

తీసేశానన్నాను. ఒక అబద్ధానికి ఇంకొకటి తోడు.

మర్నాడు పొద్దున్నే ల్యాబ్‌కి వెళ్ళాను, నిజంగానే చెరిపేద్దామని. చెరిపే ముందు ఒక్కసారి ఆమె నోట నా పేరు వినాలనిపించింది. ఆ నాలుగు వాక్యాలే మళ్ళీ పెట్టాను.

నా పేరు అప్పాయమ్మ. మా ఆయన పేరు... ఊపిరి. రబ్బరు చెట్లు. తర్వాత, "మా మనవరాలు..."

మళ్ళీ అదే ఊపిరి. "చదువుకుంటోంది."

పదిసార్లు పెట్టాను. లలిత అన్నచోటల్లా ఖాళీయే. రికార్డుల్లో ఎన్నోసార్లు ఉన్న పేరు అది, మొన్నటిదాకా పలికిన పేరు. ఫైళ్ళు ఎవరూ ముట్టుకోలేదు, చివరిసారి మార్చిన తేదీ వైవాకి ముందుదే. హఫీజ్‌ని పిలిచి వినిపించాను. గంటసేపు వెతికాడు. ఈసారి బగ్ అనలేదు. చెరిపేయమన్నాడు. చెరిపేశాను.

తాతయ్య పేరు పలకకపోవడం గౌరవమని ఎవరికైనా చెప్పగలను. నా పేరు సంగతి మాత్రం అమ్మకు కూడా చెప్పలేదు. అది ఎలా జరిగిందో తెలిసినవాళ్ళు ఉంటారేమోనని ఇప్పటికీ అడుగుతూనే ఉంటాను. ఎందుకు జరిగిందని మాత్రం ఎవర్నీ అడగను.