ఈశ్వరమ్మ అడిగిన పన్నా

ఎమ్మిగనూరు మగ్గాల వీధిలో ఈశ్వరమ్మను ఎరగని ఇల్లు లేదు. ఆశా వర్కరు పని ఆమెది. పొద్దున్నే సంచి బుజానికి తగిలించుకోని బయల్దేరిందంటే, ఎవురికి నెల తప్పింది, ఏ బిడ్డకు సూది ఎయ్యాల, ఏ ముసలాయనకు బీపీ ఎక్కింది, అన్నీ ఆ తలకాయలోనే. కడుపుతో ఉన్న పిల్లను వీధి నడిమిట్లో నిలబెట్టి, "రక్తం మాత్ర మింగినానంటే సాలదుమే, దొడ్డికి నల్లగా పోతాందా లేదా అది సెప్పు" అని అడిగే మనిషి. ఆ పిల్ల సిగ్గుతో సచ్చిపోయేది గానీ, మరుసటి దినం నుంచి మాత్ర మాత్రం తప్పకుండా మింగేది.

అంత నోరున్న మనిషికి ఒక్క కాడ మాత్రం నాలుక తిరిగేది కాదు. నిరోధ్ కాడ. పదకొండేండ్లు పంచింది. పాత పేపర్లో సుట్టి, ఇంట్లోకి పోయి సాట కింద పెట్టి, "ఆడ పొట్లం పెట్టినా, సూసుకో" అనేసి గడప దాటేది. అది ఎట్ల ఏసుకోవాలో, ఎట్ల తియ్యాలో ఒక్క మాట సెప్పిన పాపాన పోలేదు. సెప్పాల్సింది మొగోళ్ళకు గదా, మొగోళ్ళేమో ఆమె సంచి కనపడితేనే లోపలికి దూరేటోళ్ళు. ఇంత మీసాలు, అంత సిగ్గు.

మల్ల ఆ వీధికి మనస్విని కోడలుగా వచ్చినాది. పుట్టిల్లు హొళగుంద, సగం కన్నడం, సగం తెలుగు. మొగుడు నితిన్, గుంట మగ్గం నేస్తాడు. అత్త బసమ్మ, రాట్నం ముందర కూసుంటే నోరు, చెయ్యి రెండూ ఆగవు. తొలి కానుపులో మనస్వినికి ఊపిరాడక కర్నూలు పెద్దాసుపత్రికి ఎత్తుకోని పోతే, గుండెలో వాల్వు సన్నబడిందని బయటపడింది. తల్లి, బిడ్డ బతికినారు, దేవుని దయ. బిడ్డకు శ్రీరక్ష అని పేరు పెట్టుకున్నారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ నితిన్‌ను ఎదురుగా నిలబెట్టి సెప్పింది.

"సూడప్పా. ఒంట్లో రక్తం లేదు. అది పెరిగినాక, వచ్చే ఏడు వాల్వుకు ఆపరేషన్ చేస్తాము. అంతవరకు కడుపు రాకూడదు. వచ్చిందంటే ఈ పిల్ల మనకు దక్కదు."

మాత్రలు ఆ గుండెకు పడవన్నారు. కాపర్-టీ ఏస్తే ఉన్న రక్తం గూడా పోతాదన్నారు. పిల్లలు కాకుండా చేసే ఆపరేషన్‌కు ఇప్పుడు మత్తు ఇయ్యలేమన్నారు. ఇంక మిగిలింది ఈశ్వరమ్మ సంచిలోని పొట్లమే. ఒక పిల్ల పానం దాని మీద ఆనుకోని ఉండాది.

ఒకదినం పొద్దున మనస్విని వగరుస్తా ఈశ్వరమ్మ గడప కాడికొచ్చి నిలబడింది.

"అత్తా, తెగింది."

"ఏందిమే తెగింది, పడుగా?"

"కాదత్తా. ఆ పొట్లంలోది. రాత్రి."

 ఈశ్వరమ్మ పొయ్యి మీద అన్నం అట్లనే దింపేసి, ఆటో పిలిచి, పిల్లను డాక్టరు కాడికి తీసకపోయింది. ఇట్లాంటప్పుడు మూడు దినాల లోపల మింగాల్సిన మాత్ర ఒకటుంటాది, ఎంత జల్దీ మింగితే అంత మంచిది. ఒక్కసారికైతే గుండెకేం కాదని డాక్టరు సెప్పినాక అది మింగించినారు. ఆపైన పద్దెనిమిది దినాలు ఈశ్వరమ్మ ఏ దేవునికి మొక్కిందో, ఏ దేవున్ని తిట్టిందో ఆమెకే తెలీదు. పందొమ్మిదో దినం మనస్విని బయట సేరినాది. ఆ కబురు ఇన్నాక ఈశ్వరమ్మ కూసోని ఏడ్చింది. ఏడ్చి, మొగం కడుక్కోని, తిన్నగా నితిన్ మగ్గం కాడికి పోయింది.

మిట్ట మజ్జానం. నితిన్ గుంటలో కాళ్ళు పెట్టుకోని, పోగుల నడుమ నాడె అటూ ఇటూ ఆడిస్తా నేస్తాండాడు.

"నాడె ఆపు. అది ఎట్ల తెగింది?"

నితిన్ తలెత్తలేదు. "ఏమో అత్తా."

"ఏమో ఏందిరా? పడుగు పోగు ఒకటి తెగితే ఎందుకు తెగింది, యాడ తెగింది అని గంటసేపు యెతుకుతావే! పెండ్లాం పానం పోగుపాటి సెయ్యదా?"

ఆ మాటకు వాని కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి. మెల్లగా నోరు ఇప్పినాడు. మొదటినుంచి అది బిగుతంట. దారమేసి కట్టినట్ల ఉండేదంట. ముందర గూడా ఒకసారి పిగిలిందంట, బయపడి ఎవురికీ సెప్పలేదంట. "అందుకే ఈసారి రెండు ఏసుకున్న్యా అత్తా, ఒకదాని మీద ఒకటి. ఒంటి పోగు తెగుతాది గానీ రెండు పోగులు పేనితే తెగదు గదా. మల్ల బిగుతుగా ఉండాదని, నాడెకు రాసినట్ల రోంత శెనక్కాయ నూనె రాసినా."

"పొట్లాలు యాడ పెడతావు?"

"రేకుల సందులో. అమ్మకు కనపడకుండా."

ఎమ్మిగనూరు ఎండ, రేకుల కింద! ఈశ్వరమ్మ తల పట్టుకుంది. వాడు మగ్గమోడు. బుద్దిగా మగ్గమోని మాదిరే ఆలోచన చేసినాడు. నూలుకైతే అన్నీ సరైనవే. రబ్బరుకు అన్నీ ఎదురు. ఒకదాని మీద ఒకటి ఏసుకుంటే రెండూ రాసుకోని పిగులుతాయి. నూనె తగిలితే రబ్బరు సెడిపోతాది, శెనక్కాయ నూనె కానీ, కొబ్బరి నూనె కానీ, వ్యాసిలిన్ కానీ. ఎండకు ఏమో ముందే పానం పోయింటాది. ఇది వానికి సెప్పాల్సింది ఎవురు? పదకొండేండ్లు సాట కింద పొట్లం పెట్టి పారిపోయినామె.

"తప్పు నీది కాదు, నాది" అనింది ఈశ్వరమ్మ. "ఇప్పుడు సెప్తా ఇను. బట్ట అడ్డం కొలతను మీరేమంటారు?"

"పన్నా."

"నడుముకు సాలని పన్నా పంచె కట్టుకుంటే?"

"పిగులుతాది."

"శానా ఎక్కువైతే?"

"జారిపోతాది."

"దీనికీ పన్నా ఉంటాది, ఒక్కొక్కరికి ఒక్కొక్కటి. నేనిచ్చేది అందరికీ ఒకటే కొలత, నీకది సాలదు. దారం తీస్కో. గట్టిగా ఉన్నప్పుడే కొలువు, లావు ఉన్న కాడ సుట్టూ తిప్పి ముడెయ్యి. బిగించొద్దు, వదులుగా పెట్టొద్దు. నీకు కొలత నేర్పించాల్నా?"

అవతల రాట్నం ఆగింది. "ఏం కొలతలు వదినా, నాకు తెలీకుండా?" అని బసమ్మ కేకేసింది.

"నీ కొడుక్కు చొక్కా కుట్టిస్తాండా లేమ్మా, తిప్పుకో నీ రాట్నం."

మరుసటి దినం నితిన్ ముడేసిన దారం కాగితంలో మడిచి, గోడ దిక్కు సూస్తా ఇచ్చినాడు. కొలబద్ద పెట్టి సూస్తే పదమూడు సెంటీమీటర్లు. ఎమ్మిగనూరు అంగళ్ళల్లో అంతా ఎరిగినోళ్ళు, నేను సచ్చినా అడగను అన్నాడు వాడు.

"నువ్వు సావవు లేప్పా. సచ్చేది నీ పెండ్లాం" అనింది ఈశ్వరమ్మ.  ఇద్దరూ ఆదోని బస్సెక్కినారు.

ఆదోనిలో మల్లికార్జునయ్య మందుల అంగడి. ఇబూది పెట్టుకోని, కండ్లద్దాలు ముక్కు మీదికి జార్చుకోని కూసునే పెద్దాయన. నితిన్ రోడ్డుకు అవతల, ఎవురిదో మోటార్ సైకిల్ కాడ నిలబడుకున్నాడు, బండి తనదైనట్ల. ఈశ్వరమ్మ మనుసుల్లో దూరి ముందరికి పోయింది.

"అయ్యా, పన్నా పెద్దది ఒకటి కావాల."

"గాజుగుడ్డనా తల్లీ?"

"కాదు."

"పట్టీనా? మోకాలికా?"

"మోకాలికి కాదు."

"మరి యాడికమ్మా?"

వెనకాల జనం. అయినా ఈశ్వరమ్మ అనేసింది. "నిరోధ్ అయ్యా. కండోమ్. మామూలుది బిగుతై పిగులుతాండాది, రోంత పెద్ద కొలత కావాల."

 వెనక ఒకడు ఇకిలించినాడు. "ఈ వయసులో పెద్దమ్మకు..." అన్నాడు. ఈశ్వరమ్మ ఎనక్కి తిరిగింది. "ఏమప్పా, నవ్వుతాండావు. నీకు తెలుసా నీ కొలత? తెలీదు గదా. మూసుకోని దగ్గు మందు తీసకపో." 

అప్పుడు నితిన్ రోడ్డు దాటొచ్చినాడు. మొగం ఎర్రగా కందిపోయింది. "నువ్వు రోంత పక్కకుండత్తా. నాకయ్యా. నాకు కావాల. కొలత తెచ్చినా" అని కాగితం బల్ల మీద పెట్టినాడు.

మల్లికార్జునయ్యకు ఈ పొద్దుకూ దండం పెట్టాల. నవ్వలేదు, గొంతు తగ్గించి గుసగుసలు పోలేదు, నల్ల కవర్లో సుట్టి తోసెయ్యలేదు. నాలుగు డబ్బాలు తీసి, ఎనకమాల అచ్చేసిన అంకె ఏలుతో సూపించినాడు. "ఇది సదరంగా పరిస్తే వచ్చే అడ్డం కొలత. నీ దారం సుట్టుకొలత. దాంట్లో సగం కంటే రోంత తక్కువది తీసుకోవాల, రబ్బరు సాగుతాది గదా. నీకు యాభై ఆరు, యాభై ఏడు మిల్లీమీటర్లు పడతాది. రెండు రకాలు తీసకపో, బిగించకుండా, జారకుండా ఏది నిలబడితే అది నీది. తేదీ సూడు. పొట్లం నొక్కి సూడు, లోపల గాలి బుడగ తగలాల, తగలకుంటే పారెయ్యి. ఎండకు పెట్టొద్దు, జోబీలో నలపొద్దు. తడి కావాలంటే ఈ గొట్టంలోది నీళ్ళ జెల్లు, ఇది వాడు. నూనె మాత్రం తాకనియ్యొద్దు." ఈశ్వరమ్మ ట్రైనింగులో ఇన్నది కొంత, మరిచింది కొంత, ఆడ నిలబడి మల్లా నేర్చుకుంది.

ఎట్ల ఏసుకోవాలో సెప్పేది మాత్రం ఆమె వదల్లేదు. బసమ్మ సంతకు పోయింది సూసి, ఇద్దర్నీ కూసోబెట్టి, వంటింట్లో చపాతీల కర్ర తెచ్చింది.

"పండ్లతో, కత్తెరతో సింపొద్దు, సేత్తోనే. సుట్ట బయటికి ఉండాల, టోపీ మాదిరి. తిరగేసి పెట్టినావా, అది పారేసి ఇంకోటి తియ్యి. కొన నొక్కిపట్టు, గాలి ఉంటే పగులుతాది. నొక్కిపట్టి మొదలు దాకా దించు. ఒంటికి ఒళ్ళు తగలకముందే ఎయ్యాల, నడుమ కాదు. అయినాక మెత్తబడకముందే మొదట్లో పట్టుకోని బయటికి రావాల. ముడేసి, కాగితంలో సుట్టి సెత్త బుట్టలో. కాలవలో ఏసినావంటే నీ వీపు ఇమానం మోత. ప్రతిసారీ కొత్తది. ఒకటే."

"ఒకటే" అన్నారు ఇద్దరూ, బడిపిల్లోళ్ళ మాదిరి.

సంచి మరిచిపోయి తిరిగొచ్చిన బసమ్మ గడపలో నిలబడిపోయింది. "అయ్యయ్యో! నా చపాతీల కర్ర!"

"కొత్తది కొనిస్తాలే వదినా. కోడల్ని యాడ కొనిస్తా?"

 బసమ్మ లోపలికొచ్చి, రేకుల సందులో కాదు, నీళ్ళ కడవ ఎనక సల్లగా ఉండే గూట్లో జాగా సూపించింది. "ఆడ పెట్టుకోండి. నేను ఆ పక్కకు సూడను" అనింది.

ఆ మీదట ఒక్కటీ పిగల్లేదు. పదమూడు నెలలు. మనస్వినికి రక్తం పెరిగింది, తేదీ ఇచ్చినారు. కర్నూల్లో చేర్చుకునేముందర నర్సు అడిగింది, "నెల తప్పలేదు గదా?" పరీక్షకు తీసుకోని పోయినారు. కడుపుందని వస్తే ఆపరేషన్ లేదు, ఏమీ లేదు. వరండాలో నితిన్ ఒకపక్క, ఈశ్వరమ్మ ఒకపక్క. నర్సు వచ్చి, "ఏం లేదు, లోపలికి తీసుకుంటాండాము" అంటే నితిన్ గోడకు ఒరిగిపోయినాడు.

ఆపరేషన్ అయిన నాలుగో దినం వార్డులోకి పంపినారు. మనస్విని ఎదనిండా కట్టు, మొగం మాత్రం కడిగిన గిన్నె మాదిరి ఎలుగుతాండాది. ఈశ్వరమ్మ చేతిని పట్టుకుంది.

"నీ పున్నెం అత్తా."

"నాదేందిమే. కోసి కుట్టినోళ్ళది. ఆదోని పెద్దాయనది. సిగ్గు ఇడిసి రోడ్డు దాటిన నీ మొగునిది. నేను పదకొండేండ్లు నోరు మూసుకుంటి, ఇంకా ఎన్ని ఇండ్లల్లో ఎంతమంది ఏడ్సినారో."

నితిన్ కాళ్ళకాడ నిలబడి మెల్లగా అన్నాడు. "అత్తా, మన ఎదురింటి ఉదయ్ లేడూ. వానికీ పిగులుతాందంట. నిన్ను అడగాలని నెల నుంచి సంకోచపడతాండాడు."

"పిలుసుకోని రా. సెప్తా."

"అక్కరలేదత్తా. నేనే సెప్పినా. వాళ్ళ మగ్గం కాడ కూసోని, పక్క మగ్గాల భీమప్పన్న, నాగేంద్ర గూడా ఉండంగానే, మొదట్నుంచి కడదాకా అన్నీ సెప్పినా."

 ఈశ్వరమ్మ కొంగుతో కండ్లు తుడుసుకోని, "మల్ల ఆ పిల్లకు కాఫీ ఏమన్నా తెచ్చేదుందా, ఇట్లే నిలబడుకుంటావా?" అని వాన్ని బయటికి తరిమింది.