నలభై ఇళ్ల లెక్క

పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఎండాకాలం నన్ను పట్నం నుంచి ఇబ్రహీంపట్నం తాలూకా కచేరీకి గుమాస్తాగా పంపారు. అమ్మ పోయి అప్పటికి ఏడాది కాలేదు. నా కోసం ఎదురుచూసే ఇల్లంటూ లేదు కాబట్టి ఎక్కడైనా ఒకటే అనుకున్నాను. బజారు వెనక ఒక గది దొరికింది. నేను వీధిలోకి వస్తే అరుగుల మీది మాటలు ఆగిపోయేవి.

గొడవల్లో ఊళ్లు విడిచిపోయిన మగవాళ్లలో చాలామంది ఇంకా రాలేదు. వాళ్ల ఇళ్లకని కచేరీ తరఫున జొన్నలు పంచేవారు. మద్రాసు వైపు నుంచి కొత్తగా వచ్చిన మా అధికారి ఒకరోజు నన్ను పిలిచాడు.

"సగం ఇళ్లలో మగవాళ్లు తిరిగొచ్చేశారంటున్నారయ్యా. అదే నిజమైతే పంపకం ఆపేయమని పైనుంచి ఉత్తరం. అన్ని ఇళ్లూ తిరిగే తీరిక లేదు. ఎలా చూస్తావో చూడు."

జొన్నలు తీసుకుంటున్న ఇళ్ల నంబర్లన్నీ చీటీల మీద రాసి, కుండలో కలిపి, నలభై తీశాను. యాచారం దారిలోని ఊళ్లన్నీ నడిచి తిరిగాను. చేతిలో కాగితం చూడగానే తలుపులు మూసుకునేవి. ఇంట్లో మగమనిషి లేడంటే అడవిలో కమ్యూనిస్టు దళంతో ఉన్నాడని పోలీసులు అనుకుంటారని అందరికీ భయం.

ఒక ఇంటి ముందు ముసలమ్మ కూర్చుని ఉంది.

"కొడుకు వచ్చిండా అవ్వా?"

"వచ్చిండు. లోపల పండుకున్నడు."

తలుపు సగం తెరిచే ఉంది. లోపల చుట్టిపెట్టిన చాప తప్ప ఎవరూ లేరు.

"ఉన్నడని రాస్కో బిడ్డా," అంది, నా కళ్లలోకి చూడకుండా.

ఉన్నాడనే రాశాను.

ఆమె చెప్పినదాన్ని కలుపుకున్నా, మగవాళ్లు ఉన్న ఇళ్లు పదకొండే వచ్చాయి. సగమంటే ఇరవై ఉండాలి. కానీ చీటీలు అట్లా పడ్డాయేమో అని అధికారి అడగడం ఖాయం. కాలేజీలో మా లెక్కల సారు ఒక మాట చెప్పేవాడు: ఒకరి మాట అబద్ధమనే ముందు, అది నిజమే అనుకుని చూడు, అప్పుడు నీ కళ్ల ముందున్నది జరిగే వీలుందా అని.

ఆదివారం పొద్దున్నే చింతగింజలు తెచ్చి, సరిగ్గా సగానికి సున్నం బొట్టు పెట్టి కుండలో పోశాను. తెల్లవి మగవాళ్లున్న ఇళ్లు, నల్లవి లేనివి. కళ్లు మూసుకుని నలభై తీయడం, తెల్లవి లెక్కపెట్టడం, మళ్లీ పోసి కలపడం. అట్లా నూరుసార్లు తీశాను. ఎక్కువగా ఇరవైకి అటూ ఇటూ వచ్చాయి. ఒక్కసారి పదమూడు వచ్చింది. పదకొండు మాత్రం రాలేదు. పొద్దు వాలేదాకా ఆ గదిలో గింజల చప్పుడు తప్ప ఇంకేమీ వినలేదు.

మర్నాడు అధికారి అంతా ఓపిగ్గా విన్నాడు.

"అంటే, సగం అన్న మాట నిలబడదంటావ్."

"నిలబడదు సార్. సగమే నిజమైతే గింత తక్కువ రావుడు చానా అరుదు."

ఆయన కలం తీసి ఆగాడు. "మగవాళ్లు లేని ఇళ్లు ఏవేవో ఠాణావాళ్లు అడుగుతున్నారు. ఆ జాబితా ఇవ్వు."

కాగితం నా జేబులోనే ఉంది. చెయ్యి అటు పోకుండా పట్టుకున్నాను.

"ఇండ్లు రాసుకోలే సార్. లెక్కే రాసుకున్న."

ఆయన "సరే, లెక్క చాలు," అని, పంపకం ఆపక్కర్లేదని రాసి సంతకం చేశాడు. గదికి పోయి ఆ కాగితాన్ని పొయ్యిలో పెట్టి అన్నం వండుకున్నాను.

వానలు పడేదాకా జొన్నల పంపకం సాగింది. నేను అటుగా పోతే వరుసలోని ఆడవాళ్లు మొహం తిప్పుకునేవారు. చెప్పుకుందామంటే ఎవరికి చెప్పాలి, ఏమని చెప్పాలి? ఆపైన నాకు బదిలీ అయింది. గది ఖాళీ చేస్తుంటే ఇంటాయన గుమ్మంలో నిలబడి అడిగాడు.

"నువ్వు పోలీసోనివి గాదా?"

"కాదు. కచేరీల గుమాస్తాను."

"మేమంత పోలీసోడే అనుకున్నం. గందుకే ఎవ్వలు పలకరియ్యలే." గుమ్మంలోంచి పక్కకు జరిగి, "చాయ్ తాగి పోరాదూ," అన్నాడు.

బస్సుకు వేళైంది. అయినా కూర్చున్నాను.