గుడ్డ కట్టిన బెల్లు

మలుపు దగ్గరికి రాగానే పాలతను సైకిలు దిగిపోతాడు. మెడ సాచి అటూ ఇటూ చూసి, వేలాడే క్యాన్లను మోచేత్తో అదిమిపట్టి, నడిపించుకుంటూ మలుపు తిరుగుతాడు. వెనక స్కూటర్లవాళ్ళు ఎంత విసుక్కున్నా పట్టించుకోడు. ఒకప్పుడు అతను వస్తున్నాడంటే వీధంతా మోగిపోయేది. "పాలకన్నా ఇతని బెల్లే చిక్కన" అని నవ్వుకునేవారు.

చివరింటావిడ భర్త వాచ్‌మన్. రాత్రంతా కాపలా కాసి, తెల్లవారాక వచ్చి పడుకునేవాడు. "అన్నా, ఆయనకి ఇప్పుడిప్పుడే కునుకు పడుతుంది. ఈ వీధిలో బెల్లు కొట్టకు, నీకు పుణ్యముంటుంది" అని ఆవిడ బతిమాలింది. "దానికేం చెల్లెమ్మా" అన్నాడు. చెయ్యి ఊరుకోదని తెలుసు కాబట్టి, బెల్లుకి గుడ్డ చుట్టేశాడు. అలాగే రోజులు గడిచాయి. ఒకనాడు వాచ్‌మన్‌కి డ్యూటీ దిగడం ఆలస్యమైంది. నిద్రమత్తులో అతను మలుపు దాటుతుంటే, నిండు క్యాన్ల బరువుతో సైకిలు చప్పుడు లేకుండా వచ్చి గుద్దేసింది. కాలువ గట్టుకి తల తగిలింది. మనిషి మళ్ళీ లేవలేదు.

చాన్నాళ్ళకి పాలతను ఆ గడప ముందుకొచ్చి నిలబడ్డాడు. బెల్లుకి గుడ్డ లేదు, అయినా మోగించలేదు. ఎంతసేపటికో ఆవిడే చూసి గిన్నె తెచ్చింది. పోస్తుంటే సగం పాలు మెట్టు మీదే ఒలికిపోయాయి. ఆవిడ గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేది.

"ఎంతసేపైంది వచ్చి? ఇకనుంచి బెల్లు కొట్టన్నా. పడుకునేవాళ్ళెవరున్నారు ఇంట్లో?"