గ్వెన్ తల ఊపాలి

మస్తాన్ ఇంగ్లండులోని లీడ్స్‌లో సిటీ బస్సు నడిపి రిటైరయ్యాడు. బస్సు బువ్వ కోసం. శనివారాలు పబ్బుల్లో గిటార్ మీద అమెరికా పల్లెల కంట్రీ పాటలు వాయించడం మాత్రం తన కోసం. "నెల్లూరు సాయిబుకి ఈ కౌబాయ్ వేషమేంది?" అని తెలుగువాళ్లు నవ్వేవారు. నవ్వినవాళ్లలో ఒక్కడూ వినడానికి రాలేదు.

ఇన్నాళ్లకు ఆల్బమ్ చేస్తున్నాడు. పాత నేస్తాలు పాటకొకరు వాయిస్తామన్నారు. ఆల్బమ్ ఒక సాకు. వాళ్లతో మళ్లీ ఒక గదిలో కూర్చోవాలి, అదీ ఆశ. ముఖ్యంగా ఫిడేలు గ్వెన్‌తో. ఒక పాటలో ఇద్దరూ నడిమధ్యన ఠక్కున ఆగేవారు. పబ్బంతా ఊపిరి బిగబట్టేది. గ్వెన్ తల ఊపితేనే మళ్లీ ఎత్తుకోవడం. ఎప్పుడు ఊపుతుందో ఆమెకే తెలియదు.

ఆదివారం పెద్ద గిన్నెడు బిర్యానీతో స్టూడియోకి వెళ్లాడు. స్టూడియో అంటే మధులిక గ్యారేజీ. ఆ అమ్మాయి వారమంతా సాఫ్ట్‌వేర్, ఆదివారం రికార్డింగ్.

"ఇంత ఎవరికి అంకుల్?"

"ఎవరికేంది? వాయించేవోళ్లకి. కడుపు మాడ్చుకోని వాయిస్తారా?"

"అయ్యో, ఎవరూ రారు. ఎవరింట్లో వాళ్లు వాయించి ఫైల్స్ పంపేశారు. మెసేజ్ పెట్టాను కదా!"

మస్తాన్ అక్కడికక్కడే కార్డిఫ్‌లో ఉన్న గ్వెన్‌కి ఫోన్ కలిపాడు.

"మోకాళ్లు పోయాయి మస్తాన్, రాలేను" అంది గ్వెన్ ఇంగ్లీషులో.

"నేనే వస్తా. ఫిడేలు తీసి పెట్టు."

"అమ్మేశాను. నీ పాట కోసం పక్కింటి పిల్ల ఫిడేలు అరువు తెచ్చి వాయించాను."

మస్తాన్ ఫోన్ పెట్టేసి గిటార్ అందుకున్నాడు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్నాడు. చెవిలో గ్వెన్ పంపిన ఫిడేలు, దాని వెనక కంప్యూటర్ తాళం టిక్కు టిక్కుమంటోంది. ఫిడేలు ఆగింది, అతనూ ఆగాడు. టిక్కు లెక్క ప్రకారం ఫిడేలు మళ్లీ ఎత్తుకుంది. మస్తాన్ ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నాడు.

"లేటయ్యారు అంకుల్. టిక్కు పట్టుకోండి."

మళ్లీ లేటు. మళ్లీ లేటు.

"నువ్వొచ్చి నా ముందర కూచో అమ్మాయ్. పాట ఆగినాక తలూపు, చాలు."

మధులిక ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని ఎదురుగా కూర్చుంది. పాట ఆగింది. మస్తాన్ ఆమె ముఖంలోకే చూస్తున్నాడు. ఆమె స్క్రీన్ చూస్తూ, సరిగ్గా టిక్కు మీద తల ఊపింది. అతని వేళ్లు తాళం తప్పకుండా ఎత్తుకున్నాయి.

"సూపర్ అంకుల్! ఇద్దరూ ఒకేచోట కూర్చుని వాయించినట్టే ఉంది."

"ఉంటదిలే" అని మస్తాన్ హెడ్‌ఫోన్స్ తీసేశాడు.