పాస్టరుగారు విన్న హవాయి కథ

ములకలపల్లి దగ్గర నేను సోషల్ టీచరుగా పనిచేసిన ఊళ్లో ఒక పాస్టరుగారు ఉండేవారు. కోయవారు. మాటల మధ్య బల్ల మీద వేళ్లతో డోలు దరువు వేసేవారు. తాను దరువు వేస్తున్నట్టు గుర్తుకు రాగానే రెండో చేత్తో ఆ వేళ్లను పట్టుకుని ఆపేసేవారు.

ఒక శనివారం, ప్రసంగానికి మిషనరీల కథ ఏదైనా చెప్పమని మా ఇంటికి వచ్చారు. ఫోన్లో బొమ్మలు చూపిస్తూ హవాయి దీవుల గురించి చెప్పాను. మిషనరీలు అక్కడి భాషకు లిపి సమకూర్చి చదువు నేర్పారంటే సంతోషించారు. వాళ్ల బోధ విన్న రాణి ఒకామె పాటలతో సాగే ప్రజల నాట్యాన్ని నిషేధించిందనీ, చాలా ఏళ్లకు ఒక రాజు తన పట్టాభిషేకంలో దాన్ని మళ్లీ ఆడించాడనీ చెప్పేసరికి ఆయన వేళ్లు వాటంతటవే ఆగిపోయాయి.

"అప్పటిదాంక పాటలు యాదికున్నోళ్లు ఉన్నరా సార్?"

"ఉన్నరు. ముసలోళ్లు మనసుల దాచుకున్నరు."

"మా అమ్మ పెండ్లిళ్లల్ల కోయ పాటలు పాడేది సార్. పాపమని నేనే బంద్ చేపిచ్చిన."

మర్నాడు చర్చికి నేనూ వెళ్లాను. హవాయి కథ చెబుతూనే ఆయన ముందు వరుసలో కూర్చున్న తల్లి దగ్గరికి నడిచారు.

"అమ్మా, నీ పెండ్లి పాట ఒకటి పాడే."

"ఏంది బిడ్డా, గీడనా?"

"అవ్, గీడనే."

ఆమె లేచి నిలబడింది. పెదవులు కదిలించింది కానీ మొదటి మాట కూడా రాలేదు.

"నువ్వు వద్దన్నవని మర్సిపోయిన బిడ్డా" అంది, తప్పు తనదే అయినట్టు.

పాస్టరుగారు మోకాళ్ల మీద కూలబడి ఆమె పాదాలకు తల ఆనించారు. ప్రార్థన మొదలైందనుకుని అందరూ కళ్లు మూసుకున్నారు.