మూడుసార్లు హారన్

మొన్న ఆదివారం పొద్దున కెనడాలో మా ఊరు ఏజాక్స్‌లో కారు అద్దం మీద మంచు గీకుతుంటే రెజైనా నుంచి నా పాత రూమ్మేట్ ఫోన్ చేసింది. "సార్ పోయారే. నిద్రలోనే" అంది. డెబ్భై ఎనిమిదేళ్ళు. ఏడుపు ఆగలేదు. మధ్యలో నవ్వు కూడా వచ్చింది. ఏం చెయ్యను, ఆయన్ని తలుచుకుంటే నాకిప్పటికీ ఎక్కడికో పరుగెత్తాలనిపిస్తుంది.

రెజైనాలో చదువుకునే రోజుల్లో నేనూ మరో ఇద్దరమ్మాయిలూ ఆయన బేస్‌మెంట్‌లో అద్దెకుండేవాళ్ళం. ఆయన ఊరు వరంగల్ వైపు, రిటైరైన హిస్టరీ ప్రొఫెసర్. అంతర్యుద్ధం ముగిశాక కొండల్లో మిగిలిపోయిన గెరిల్లాలనీ బందిపోట్లనీ ప్రభుత్వాలు ఏం చేశాయన్నది ఆయన జీవితమంతా చదివిన సబ్జెక్టు. ఆదివారం పూరీలకి మా క్లాసు కుర్రాళ్ళు ముగ్గురు దిగేవారు. టేబుల్ మీద చపాతీ పీట బోర్లిస్తే కొండ, నా డేటాబేస్ అసైన్‌మెంట్ మడతపెడితే లోయ. ఆ టేబుల్ మీదే గ్రీసు, స్పెయిన్, చైనా తిరిగొచ్చాం. పూరీలు చల్లారిపోయినా ఎవరికీ పట్టేది కాదు.

సార్ నోట 'శత్రువు' అన్న మాట వినలేదు. "ఇంకా ఇంటికి రానోళ్ళు" అనేవారు. "యుద్ధం గెలుసుడు సగం పనే బిడ్డా. ఓడినోడు ఇంటికెట్ల వస్తడన్నది మిగిలిన సగం." దొంగలకీ గెరిల్లాలకీ తేడా ఏంటి సార్ అని అడిగితే, "కాయితం మీద శానా ఉంది. ఆకలికి ఇద్దరూ ఒకటే" అని ఇంకో పూరీ వేసేవారు.

ఒక ఫిబ్రవరి ఆదివారం, పీట మీద యుద్ధం చాలనిపించి, సార్ ఏడు సీట్ల కారులో ఊరి బయట లోయకి తీసుకెళ్ళమని పట్టుబట్టాం. అబ్బాయిలు గెరిల్లాలు. తెల్ల దుప్పట్లు కప్పుకుని పొదల్లో దాక్కోవాలి. మేం సైన్యం, నేను కమాండర్ని! భుజం ముట్టుకుంటే దొరికినట్టు. ఫోన్లన్నీ సార్ దగ్గర. కారు హారన్ మూడుసార్లు మోగితే ఆట అయిపోయినట్టు, అందరూ వచ్చెయ్యాలి.

మోకాలి లోతు మంచులో గంటసేపు పడుతూ లేస్తూ వెతికాం. ఒక్కడూ దొరకలేదు. నాకు ఉక్రోషం వచ్చింది. సార్ డిక్కీలోంచి చాయ్ ఫ్లాస్కు తీస్తుంటే, నేను కిటికీలోంచి చెయ్యి పోనిచ్చి మూడుసార్లు హారన్ కొట్టాను. ఇద్దరు నవ్వుకుంటూ చాయ్ కోసం వచ్చారు. ఇద్దరి భుజాలూ పట్టేసుకున్నాం! గంతులే గంతులు.

సార్ తిట్టలేదు. "గెలిచినవ్ బిడ్డా. ఇగ మూడోవాణ్ణి ఎట్ల పిలుస్తవ్?" అన్నారు.

ఆ మూడోవాడు చందు. గుంటూరు నుంచి వచ్చి నెల కాలేదు, కాళ్ళకి మామూలు స్పోర్ట్స్ షూ. మేం చేసిందంతా పొదలోంచి చూస్తూనే ఉన్నాడు. పావుగంటలో గాలి లేచింది, నేలమీది మంచు పొగలా ఎగరడం మొదలైంది. ఈసారి సార్ నిజంగానే హారన్ కొట్టారు. మూడుసార్లు, మళ్ళీ మూడుసార్లు.

"ఆట అయిపోయిందిరా, ఒట్టు!" అని అరిచాను.

"నిన్ను నమ్మితే నా అంత వెధవ ఇంకోడుండడు! పోవే!" అని ఎక్కడినుంచో గొంతు. పడీపడీ నవ్వాం. ఆ తర్వాత ఎంత పిలిచినా జవాబు లేదు. గొంతు వచ్చిన చోట అడుగులు కూడా పూడిపోయాయి. చలికి మనిషి ఎంతసేపట్లో మగతలోకి జారిపోతాడో చందుకి తెలీదు, సార్‌కి తెలుసు. ఆయన ముఖం చూశాక నాకూ తెలిసింది. వాడికేమైనా అయితే అది నా చేత్తో అయినట్టే.

ఒకమ్మాయి ఎమర్జెన్సీకి ఫోన్ చేసింది. మంచులో దారి కనబడటం లేదు, గంట పైనే పడుతుందన్నారు.

"మాట తప్పిన నోరు ఎంత మొత్తుకున్నా వాడు రాడు" అన్నారు సార్. "పట్టినోళ్ళను ఇడిచిపెట్టు. వాడు చూసేటట్టు." విడిచిపెట్టాను. ఇద్దరూ ఏటవాలు మీదికి ఎక్కి నిలబడి చేతులూపారు. పొదలు కదల్లేదు.

అప్పుడు సార్ గ్లోవ్స్ తీసి జేబులో పెట్టుకున్నారు. వట్టి చేతులు రెండూ పైకెత్తారు. "ఎత్తుండ్రి" అన్నారు మాతో. ముందు ఆయన, వెనక మేం ముగ్గురం, మంచుపొగలోకి నడిచాం. ఆ వయసులో అంత గొంతు ఎక్కణ్ణుంచి వచ్చిందో!

"చందూ! సైన్యం లొంగిపోయింది బిడ్డా! వచ్చి పట్టుకపో!"

గాలి తప్ప ఏమీ లేదు. ఇంకో పది అడుగులు. మళ్ళీ అదే కేక. కుడిపక్క పొద దులపరించుకుంది. చందు లేచాడు. పెదాలు నల్లబడ్డాయి, కనురెప్పల మీద మంచు. తూలుతూ వచ్చి నా భుజం మీద చెయ్యేశాడు. "దొరికావే" అన్నాడు, పళ్ళు టకటకలాడుతుంటే.

నేను భోరుమన్నాను. వాణ్ణి పట్టుకోబోతే, "చేతులు దించకు" అన్నారు సార్ మెల్లగా. "మనం ఖైదీలం. వాడు చెప్పాలె." ఆయన వేళ్ళు తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

"దించండి సార్" అన్నాడు చందు, ఏడుస్తూ.

దించారు. తన కోటు విప్పి వాడికి తొడిగారు. చెయ్యి పట్టుకుని నడిపిస్తారనుకున్నాను. లేదు. మళ్ళీ రెండు చేతులూ పైకెత్తి, వాడికి ముందుగా, స్వెటర్ మీదే కారు దాకా నడిచారు.