మేకల బాటకు కెమెరా పెట్టినాయన

హిందూపురం కెమెరా ఆయన పోయాడని ధర్మవరం బస్సు దిగిన మా తమ్ముడు చెప్పాడు. మట్టి చేయడం కూడా అయిపోయిందట. నాకు చదువు రాదు. నేను చెప్తుంటే కోడలు రాస్తోంది. చదివే మీకు నా మాట నా మాటగానే అందాలి. ఆయన అట్లాగే అందించాడు.

పెళ్లిళ్లకు వీడియోలు తీసి బతికే మనిషి. మా కనగానపల్లి దిక్కు కొండల మీద కరెంటు కోసం పెద్ద పెద్ద గాలి ఫ్యాన్లు నిలబెట్టిన రోజుల్లో, వాటి కింద బతికేవాళ్ల మీద సినిమా తీస్తానని వచ్చాడు. వచ్చినవాడు కెమెరా సంచి విప్పితేనా! మాతో మేకలు తోలుతాడు, మా ఇంట్లో సంగటి తింటాడు, చెనిక్కాయల చట్నీ ఇంకొంచెం వేయమంటాడు.

"ఏమబ్బా, నీ డబ్బా పనిచేస్తాదా, ఉత్తదా?" అన్నాను.

"ముందు మేకలకు నా వాసన అలవాటు కానీ అవ్వా" అన్నాడు.

మా గొడవ ఒక్కటే. కంపెనీ వాళ్లు కంచె వేసి, కొండ మీదికి పోయే మేకల బాట మూసేశారు. మేతంతా అవతలే. బాట తెరవకపోతే మేకలను అమ్ముకోవాల్సిందే. అదే కెమెరా ముందు చెప్పాను. కోపంలో ఇంకొకటి కూడా అన్నాను: "ఆ ఫ్యాన్లు మబ్బుల్ని తరుముతాండాయి. అందుకే వానల్లేవు." మా ఊరంతా అనే మాటే అది.

తీసింది ముందు మా ఊళ్లోనే, అరుగు మీద టీవీ పెట్టి చూపించాడు. "దీంట్లో ఎవరి మొగముంటే వాళ్లే ముందు చూడల్ల" అనేవాడు. తర్వాత పెనుకొండలో చదువుకున్నవాళ్లకు చూపిస్తూ నన్నూ తీసుకుపోయాడు. మబ్బుల మాట రాగానే ఒకటే నవ్వులు. అయిపోయాక కూడా మబ్బుల మీదే వాదించుకున్నారు. బాట ఊసెత్తినవాడు లేడు.

తిరుగు బస్సులో "ఆ మాట తీసేద్దామా అవ్వా?" అని అడిగాడు.

"నా నాలుక కోస్తావా?" అని అరిచాను. బస్సంతా మావైపు తిరిగింది.

"నువ్వొద్దంటే ఒక్క ముక్క కొయ్యను. అయితే వాళ్ల నవ్వులో నీ బాట కనపడలేదు కదవ్వా."

"కనపడేట్ల తియ్యి. అది నీ పని."

మరునాడు పొద్దున్నే కంచె దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. మేకలు తీగకు మూతులానించి అవతలి మేతను చూసి అరిచాయి. అరిచి అరిచి అక్కడే పడుకున్నాయి. కదలకుండా అదంతా తీశాడు. దాన్ని మొదట పెట్టాడు, నా మబ్బుల మాటను చివర ఉంచాడు.

ధర్మవరంలో సినిమా వేసినప్పుడు కంపెనీ ఇంజనీరు కూడా వచ్చాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. "ఆ మేకలు ఎవరివి?" అని ఇంజనీరు అడిగాడు.

"నావే" అని లేచి నిలబడ్డాను. "నువ్వు మూసిన బాట కూడా నాదే."

కొన్నాళ్లకు కంచెలో సందు వదిలారు. బండి పట్టదు, మేక పడుతుంది.

ఆయన పోయాడని విన్న సాయంత్రం మేకలను తోలుకుని ఆ సందు దగ్గరికి పోయాను. అవి ఒకదాని వెనక ఒకటి దూరి పోతుంటే, పైన తిరిగే ఫ్యాను రెక్క నీడ వాటి వీపుల మీద చెయ్యి నిమిరినట్టు వచ్చి పోతోంది. అన్నీ దాటిపోయినా నేను ఇవతలే నిలబడ్డాను. ఉత్త నేల మీద ఆ నీడ వస్తూనే ఉంది, పోతూనే ఉంది.